ఒక మొక్కు, ఇద్దరు రచయితలు: భక్తి హాస్య స్క్రీన్‌ప్లేపై ఒక కేస్ స్టడీ

నేపథ్యం

హనుమకొండలో కథా చర్చలకు, స్క్రిప్టు సవరణకు సలహాదారుగా పనిచేస్తున్న నా దగ్గరికి జంటగా రాసేవారు తరచుగా వస్తుంటారు. ఈ కేసు అటువంటి ఒక జంటది. వారిద్దరి అనుమతితోనే దీన్ని రాస్తున్నాను. ఊళ్లు, వృత్తులు, వయసులు, కథలో వారిని పట్టించే ఆనవాళ్లు మార్చాను. వారు ఒకరినొకరు పిలుచుకునే వరుసలనే పేర్లుగా తీసుకుని, ఒకరిని అక్క అనీ మరొకరిని తమ్ముడు అనీ రాస్తాను. వారికి చుట్టరికం లేదు.

అక్క 50 దాటిన తెలుగు ఉపాధ్యాయురాలు. బడి వార్షికోత్సవాలకూ గుడి ఉత్సవాలకూ భక్తి నాటికలు రాసి, పిల్లలచేత ఆడించిన అనుభవం ఆమెది. తమ్ముడికి 30 నిండలేదు. మన యాసలో చిన్న చిన్న హాస్య వీడియోలు రాసి, వాటిలో తానే నటిస్తాడు. మాటను ఎక్కడ విరిస్తే నవ్వు పుడుతుందో అతని చెవికి తెలుసు. ఒక పెళ్లిలో మాటల మధ్య పుట్టిన ఆలోచనను ఇద్దరూ కలిసి సినిమా కథగా రాద్దామనుకున్నారు.

ఆ ఆలోచన మేడారం జాతరకు సంబంధించినది. ములుగు జిల్లా మేడారంలో రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి వేళ జరిగే సమ్మక్క సారలమ్మ జాతరలో బెల్లాన్ని బంగారం అంటారని ఇక్కడివారికి చెప్పనవసరం లేదు. ఆపద గట్టెక్కితే నిలువెత్తు బంగారం ఇస్తామని మొక్కి, కాంటాలో ఒక పక్క మనిషిని, మరొక పక్క బెల్లాన్ని పెట్టి తూచి, ఆ బెల్లాన్ని తల్లులు కొలువుండే గద్దెలకు చేర్చడం తరాలుగా ఉన్న ఆచారం. వారి కథానాయకుడు ఒక పిసినారి కిరాణా సేటు. కొడుకు ప్రాణం మీదికి వచ్చినప్పుడు ‘నా ఎత్తు బంగారం ఇస్తా తల్లీ’ అని మొక్కుతాడు. అప్పుడు అతని బరువు 56 కిలోలు. కొడుకు కోలుకుంటాడు. సేటు మాత్రం ఏదో ఒక సాకుతో మూడు జాతరలు దాటవేస్తాడు. నాలుగో జాతర నాటికి అతని బరువు 93 కిలోలు. ‘తల్లి మిత్తి అడుగుతలేదు సార్, మనిషే మిత్తి లెక్క పెరిగిండు’ అని తమ్ముడు మొదటి రోజు చెప్పిన మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. మిత్తి అంటే వడ్డీ. ఇంత సహజంగా భక్తినీ హాస్యాన్నీ ఒకే ముడిలో బిగించిన వన్‌లైన్, అంటే ఒక్క ముక్కలో చెప్పే కథ, నా దగ్గరికి చాలా అరుదుగా వస్తుంది.

వచ్చిన సమస్య

వారు 131 పేజీల డైలాగ్ వెర్షన్‌తో వచ్చారు. పేజీకి సుమారు ఒక నిమిషం అనే వాడుక లెక్క ప్రకారం అది రెండు గంటలు దాటిన సినిమా. నా గదిలో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు కానీ, ప్రతి మాటా నాతోనే చెప్పారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ‘ఈ పిలగాడు మా తల్లిని బజార్ల నిలబెడుతున్నడు సార్’ అన్నారు అక్క. ‘అక్క రాసిన సీను చదవాల్నంటే చెప్పులిడిచి చదవాలె సార్’ అన్నాడు తమ్ముడు.

మాటలు ఆగిపోవడానికి కారణం ఒక సీను. సేటు దుకాణం ముందు ఒక శివసత్తుకు, అంటే దేవత పూనే భక్తురాలికి, పూనకం వస్తుంది. తన బాకీ గుట్టు బయటపడుతుందన్న భయంతో సేటు ఆమె చేతిలో బెల్లం ముక్క పెడతాడు. ఆమె ఊగడం ఆపి, ‘ఇంత చిన్నదా?’ అని బేరం మొదలుపెడుతుంది. చదివితే నవ్వు వస్తుంది. ఆ మాట నేను దాచలేదు. అయితే ఆ నవ్వు ఒక విషయాన్ని తేల్చేస్తుంది: పూనకం నటన అని. ఆ సీను చదివిన రోజు నుంచి అక్క రాయడం మానేశారు.

తగవు తీర్చడానికి ముందు స్క్రిప్టు చదవడం నా అలవాటు. ఎర్ర పెన్సిలుతో హాస్య సీన్లకూ, నీలి పెన్సిలుతో భక్తి సీన్లకూ గుర్తులు పెట్టుకుంటూ రెండుసార్లు చదివాను. రెండు రంగులూ పడిన సీన్లు నాలుగు మాత్రమే కనిపించాయి. మూడోసారి నీలి సీన్లు వదిలేసి చదివితే సేటు హాస్యకథ ఎక్కడా తెగకుండా నడిచింది; ఎర్ర సీన్లు వదిలేసి చదివితే కొడుకు జబ్బు, మొక్కు, జాతర, కన్నీళ్లు, అన్నీ వరసగానే ఉన్నాయి. అంటే నా చేతిలో ఒకే అట్టలో కుట్టిన రెండు స్క్రిప్టులు ఉన్నాయి. శివసత్తు సీను ఆ కుట్టు తెగిన చోటు మాత్రమే అని అప్పుడు అర్థమైంది.

మొదటి ప్రయత్నం: పని పంచుకోవడం

రోగం సరిగానే పట్టాను కానీ, ఇచ్చిన మందు సరైనది కాదు. భక్తి సీన్ల మీద తుది మాట అక్కది, హాస్య సీన్ల మీద తుది మాట తమ్ముడిది, ఎవరికైనా భరించరానిది కనిపిస్తే వద్దనే హక్కు ఇద్దరికీ ఉంటుంది అని నిర్ణయించాను. నా తర్కం ఇది: ఇద్దరి బలాలు వేరు, ఇద్దరికీ గౌరవం దెబ్బతిన్నది, ఎవరి పొలం హద్దులు వారికి చూపిస్తే ముందు పని మొదలవుతుంది. బుర్రకథలో కథకుడికి ఒక పక్క హాస్యం నడిపే వంత ఉంటాడు కదా, ఆ ఏర్పాటు వందల ప్రదర్శనల్లో నిలిచినదే కదా అని కూడా అనుకున్నాను.

ఆరు వారాల్లో అది బేరంగా మారింది. ‘నా పాట తీసేస్తే నీ బస్సు సీను తీసెయ్యాలె’ అనే తీరులో సీన్లు పోయాయి. స్క్రిప్టు 131 నుంచి 104 పేజీలకు తగ్గింది. తగ్గినందుకు బిగువు రాలేదు, ఇద్దరూ ప్రేమించిన భాగాలే ముందు పోయాయి. వద్దనే హక్కును ఎదుటివారి మీద కోపం తీర్చుకోవడానికి వాడారని నేను అనను. ఆ హక్కు ఉన్నందువల్ల ఎదుటి సీనును చదివేటప్పుడే ‘ఇందులో ఏది వద్దు’ అని వెతకడం ఇద్దరికీ అలవాటైపోయింది, అంతే.

బుర్రకథ పోలికలో నేను వదిలేసిన సంగతి తర్వాత తట్టింది. హాస్యం చెప్పే వంత కథకుడి పక్కనే నిలబడి, కథకుడి మాట వింటూ, ఆ మాట మీదే తన మాట వేస్తాడు. కథకుడు ఏడిపిస్తున్న ఘట్టంలో వంతకు కూడా గొంతు పూడుతుంది. నేను మాత్రం నా ఇద్దరినీ వేరు వేరు గదుల్లో కూర్చోబెట్టాను. దీనికి అడుగున ఇంకా పెద్ద పొరపాటు ఒకటి ఉంది. భక్తి అక్క సొత్తు, హాస్యం తమ్ముడి సొత్తు అని నేనే నిర్ణయించాను. తమ్ముడికి నమ్మకం ఉందా అని అడగలేదు. అక్కకు నవ్వించడం వచ్చా అని అడగలేదు.

రెండవ ప్రయత్నం: నిషేధాల జాబితా

బేరాలు ఆగడానికి, ఏది రాయకూడదో ముందే ఒప్పుకుందామన్నాను. దీని వెనుక కొంత భయం కూడా ఉంది. మతభావాలను గాయపరిచే మాటల మీద భారతీయ న్యాయ సంహితలో 299వ సెక్షను ఉంది. 2024 జూలై 1కి ముందు ఇదే భారత శిక్షాస్మృతి (ఐపీసీ)లో 295-ఎ. అందులో నేరానికి ఉద్దేశపూర్వకమైన దురుద్దేశం ఉండాలన్న షరతు ఉన్నా, ఫిర్యాదు పడితే తిరగవలసింది రచయితలే. సెన్సారు మార్గదర్శకాలు కూడా మత సమూహాలను కించపరిచే దృశ్యాలనూ మాటలనూ ఒప్పుకోవు. అందువల్ల ఒక కాగితం మీద రాసుకున్నాం: తల్లుల మీద హాస్యం ఉండకూడదు, పూజారుల మీద ఉండకూడదు, పూనకం మీద ఉండకూడదు, తల్లిని ఎవరూ నిందించకూడదు. అలా 14 అంశాలు తేలాయి.

ఆ జాబితా ఏది వద్దో చెప్పింది. ఏది కావాలో దానికి తెలియదు. తమ్ముడి హాస్యం కథకు సంబంధం లేని పాత్రల మీదికి పోయింది. ఒక తాగుబోతు బావమరిది పుట్టుకొచ్చాడు. ఒక లావుపాటి పెద్దమ్మ వచ్చింది. ఎవరికీ అభ్యంతరం లేని, ఎవరికీ అక్కర లేని సీన్లు అవి. అక్క సీన్లలో సేటు మొదటి పేజీ నుంచే చేతులు జోడించుకుని నిలబడ్డాడు. మొక్కు ఎగ్గొట్టిన మనిషి కథ, మొక్కు మీద ఒక్క ప్రశ్న కూడా లేకుండా మిగిలింది.

అయినా ఆ జాబితాకు నేను రుణపడి ఉన్నాను. దాని చివరి అంశం దగ్గరే తలుపు తెరుచుకుంది. తల్లిని ఎవరూ నిందించకూడదు అన్న మాట చదువుతూ అక్క ఆగి, తమ ఇంట్లో జరిగిన సంగతి చెప్పారు. ఆమె చిన్నతనంలో చెల్లెలికి జ్వరం తగ్గకపోతే, వాళ్లమ్మ నడి వాకిట్లో నిలబడి మేడారం దిక్కు చెయ్యి చాపి, ‘ఏం తల్లీ, నీకు కండ్లు లేవా? నా బిడ్డ కనిపిస్తలేదా? యాట నడిగినవు ఇచ్చిన, చీర నడిగినవు పెట్టిన, ఇంకేం కావాలె నీకు?’ అని ఇరుగుపొరుగు వినేలా కొట్లాడిందట. చెబుతున్నంతసేపూ అక్క నవ్వుతూనే ఉన్నారు. కళ్లు మాత్రం నిండాయి. తమ్ముడు జేబులోంచి పెన్ను తీశాడు.

ఫలించిన పద్ధతి

ఆ రోజు జాబితా పక్కన పెట్టేశాం. మన శతకాలకు నిందాస్తుతి కొత్త కాదు; దేవుడిని నిలదీసి, దెప్పి, వెక్కిరించి పాడిన భక్తులు మనకు ఉన్నారు. అక్క తరగతిలో ఆ పద్యాలు చెప్పే మనిషే. నమ్మనివాడికి దేవుడితో తగవు ఉండదు. వాకిట్లో నిలబడి తల్లిని తిట్టడానికి ఆ తల్లి వింటోందన్న నమ్మకం కావాలి. వాళ్లమ్మ మాటల్లో నవ్వు తల్లి మీద పడలేదు. ఒక మనిషి తన చేతిలో లేనిదానితో లెక్కలు మాట్లాడుతోంది. నవ్వు ఆ లెక్కల మీద పడింది. కాబట్టి ప్రతి సీనుకూ ఇక నుంచి మేం అడగవలసిన ప్రశ్న, ఇక్కడ నవ్వవచ్చునా అన్నది కాదని, ఇక్కడ నవ్వు ఎవరి మీద పడుతోంది అన్నదని ఇద్దరికీ చెప్పాను.

తర్వాత ఇద్దరికీ చెరొక కాగితం ఇచ్చి, ఒకరికొకరు చూపించుకోకుండా ‘సేటు తల్లికి ఏం బాకీ?’ అన్న ప్రశ్నకు జవాబు రాయమన్నాను. 93 కిలోల బెల్లం అని ఇద్దరిలో ఎవరైనా రాస్తారేమో చూడాలనుకున్నాను. అక్క ‘కృతజ్ఞత’ అని రాశారు. తమ్ముడు రాసింది ఎక్కువ. తనకు ఐదేళ్లప్పుడు వాళ్లమ్మ తనను జాతరకు తీసుకుపోయి మేడారం దగ్గరి జంపన్న వాగు ఒడ్డున పుట్టు వెంట్రుకలు తీయించిందనీ, ఎందుకు మొక్కిందో ఇప్పటికీ చెప్పదనీ, ఆ బాకీ ఏమిటో తెలియకుండానే తాను బతుకుతున్నాననీ, సేటుకు కూడా తెలియదనీ రాశాడు. నేను నమ్మకం లేనివాడిగా లెక్కగట్టిన మనిషి రాసిన మాటలు అవి. అక్క ఆ కాగితం చదివి, మొదటిసారి అతని వైపు తిరిగి, ‘ఇది ముందే చెప్పకపోతివి తమ్మీ’ అన్నారు. ‘మీరు అడగలే కదక్కా’ అన్నాడు.

అప్పుడు పని తలకిందులు చేశాం. హాస్యం ఎక్కువగా ఉన్న సీను మొదటి రాత అక్క రాయాలి. గద్దెల దగ్గరి సీన్ల మొదటి రాత తమ్ముడు రాయాలి. తర్వాత మార్చుకుని తిరగరాయాలి. బలాన్ని వదిలి బలహీనతను పట్టుకోమనడం మొదట ఇద్దరికీ వింతగా తోచింది. నా ఆలోచన ఇది: ఎదుటివారి పని స్వయంగా చేసినవారు దాన్ని కొట్టివేసే ముందు ఆగుతారు, పైగా అలవాటు లేని చేతికి అలవాటైన ఉపాయాలు తెలియవు కాబట్టి, సీనులో నిజంగా ఏముందో వెతుక్కోక తప్పదు.

అక్క రాసిన కాంటా సీను ఈ స్క్రిప్టులో నాకు అన్నిటికంటే ఇష్టమైనది. సేటు భార్య పుట్టింటివారి ముందు తూకం పెట్టిస్తుంది. సేటు రెండు రోజులుగా పస్తు ఉన్నాడు; మొలతాడుకున్న తాళాల గుత్తి తీసి పక్కన పెట్టాడు; ఊపిరి బిగబట్టి కాంటా ఎక్కాడు. ఊపిరి పీల్చితే బరువు పెరుగుతుందని అతని నమ్మకం. ముల్లు ఊగుతూ ఉంటుంది. మామగారు వచ్చి, అల్లుడు చిక్కిపోయాడని బాధపడి, తాను తెచ్చిన బొబ్బట్లు కాంటా మీదనే అతని నోట్లో పెడతాడు. వద్దనడానికి నోరు తెరిస్తే ఊపిరి పోతుంది. ఇక్కడ నవ్వంతా సేటు లెక్క మీదే పడుతోంది. ఆ బొబ్బట్టు మింగుతున్నప్పుడు, ఆరేళ్ల కిందట మెతుకు మింగలేక పడుకున్న కొడుకు ఎదురుగా నిలబడి ‘నాకో ముక్క’ అని అడుగుతాడు. భక్తి కోసం వేరే సీను రాయనక్కర లేకపోయింది.

తమ్ముడి చేతికి శివసత్తు సీను మళ్లీ ఇచ్చాను. ఈసారి పూనకంతో ఆమె వీధిలో వస్తోంది. నలుగురిలో తన బాకీ చెప్పేస్తుందని సేటు బియ్యం బస్తాల వెనక దాక్కుంటాడు. ఆమె దుకాణం దాటి వెళ్లిపోతుంది. అతని వైపు చూడనైనా చూడదు. కాసేపటికి పూనకం దిగి, అలసిపోయి, మంచినీళ్ల కోసం వెనక్కి వస్తుంది. ఆమె నోరు తెరిచేలోపే సేటు బస్తాల వెనక నుంచి లేచి, మొక్కింది ఎప్పుడో, ఎగ్గొట్టింది ఎన్నిసార్లో మొత్తం తానే ఏకరువు పెడతాడు. అంతా విని ఆమె, ‘నీళ్లియ్యి బిడ్డా’ అంటుంది. పాత సీనులో ఉన్న మనుషులే, దుకాణమే, భయమే. నవ్వు మాత్రం ఆమె మీద నుంచి లేచి అతని మనసులోని దొంగ మీద కూర్చుంది. అక్క ఈ సీనులో ఒక్క మాట కూడా మార్చలేదు.

ముగింపు దగ్గర మరొక చిక్కు మిగిలింది. అక్క పాత రాతలో తల్లి శిక్షిస్తుంది, సేటు పూర్తిగా చెల్లిస్తాడు. తమ్ముడి పాత రాతలో సేటు ఉపాయంతో తక్కువ తూకం వేయించుకుని తప్పించుకుంటాడు. రెండింటిలోనూ తల్లి అప్పిచ్చిన సావుకారుగానే ఉంది. దీన్ని విప్పింది అక్క చదువే. కరువు వచ్చి కప్పం కట్టలేని మేడారం మీదికి కాకతీయుల సైన్యం వచ్చిందనీ, సమ్మక్క వారితో పోరాడి గాయపడి చిలకలగుట్ట దిక్కు వెళ్లి కనిపించకుండా పోయిందనీ, కొడుకు జంపన్న దూకిన సంపెంగ వాగే జంపన్న వాగయిందనీ కదా జనం చెప్పుకునే కథ. ‘కప్పం అడిగినోళ్ల మీద కొట్లాడిన తల్లి, మన సేటు దగ్గర కప్పం వసూలు చేస్తదా?’ అని అక్క అడిగారు. దాంతో ముగింపు మారింది. 93 కిలోలతో బయలుదేరిన సేటు, దారిలో బస్తా చినిగి, జనం తొక్కిసలాటలో సగం పోయి, తప్పిపోయి ఏడుస్తున్న పసిపిల్లకు కొంత పెట్టి, చివరికి గుప్పెడు బెల్లంతో గద్దెల ముందు నిలబడతాడు. అక్కడ ఎవరూ తూకం అడగరు.

కాగితం మీది ఒప్పందం

సీన్లు మార్చుకునే పద్ధతి మొదలుపెట్టే ముందే లిఖిత ఒప్పందం ఉండాలని నేను పట్టుపట్టాను. కాగితం రాసుకుంటే మనసులు విరుగుతాయని ఇద్దరూ వెనకాడారు. ఎవరి సీన్లు ఎన్ని అని లోలోపల లెక్క నడుస్తుంటే, తన మంచి సీనును ఎదుటివారి చేతికి ధైర్యంగా ఇవ్వడం ఎవరివల్లా కాదు. ఆ లెక్కను ముందే ముగించడం కోసమే కాగితం. 1957 కాపీరైట్ చట్టంలో ఉమ్మడి రచన అంటే, కలిసి రాసినవారిలో ఒకరి వాటా మరొకరి వాటా నుంచి విడిగా కనిపించని రచన. దాని హక్కు చివరగా మరణించిన రచయిత తర్వాత 60 ఏళ్ల వరకు ఉంటుంది. మా పద్ధతిలో తయారయ్యేది సరిగ్గా అటువంటి రచనే. పేర్ల వరస, పారితోషికంలో సగం సగం, ఒకరు మధ్యలో తప్పుకుంటే ఏం చేయాలి, ఇద్దరి సంతకం లేకుండా హక్కుల బదిలీ ఉండకూడదు అన్నవి రెండు పేజీల్లో రాసుకున్నారు. ప్రతి రాతకూ తేదీ వేసి ఇద్దరి మెయిల్‌కూ పంపుకోవడం అలవాటు చేశాను.

చదివి వినిపించడం

మూడవ రాత పూర్తయ్యాక, బంధువులూ నటులూ కాని 20 మందిని పిలిచి గట్టిగా చదివించాం. అందులో మేడారం ప్రాంతపు కోయ పెద్దమనిషి ఒకరు ఉన్నారు. ఆయన రావాలని నేను ప్రత్యేకంగా కోరాను. ఎందుకంటే ఆ పూజ వారిది, పూజ చేసే వడ్డెలు వారి మనుషులు, మా ముగ్గురిలో ఎవరమూ వారిలో వాళ్లం కాము. అక్క, తమ్ముడు ఒకరికొకరు ఒప్పుకున్నంత మాత్రాన ఆ అనుమతి వచ్చినట్టు కాదు. ఆయన కాంటా సీనుకు అందరికంటే ఎక్కువ నవ్వారు. చిలకలగుట్ట మీది పూజ చూపించిన సీను దగ్గర నవ్వు ఆపి, ‘అది మేమే అందరికీ చూపియ్యం, మీ సినిమాల ఎట్ల చూపిస్తరు?’ అని అడిగారు. ఆ సీనులో హాస్యం లేదు, ఎంతో భక్తితో రాసినది. నా జాబితా ప్రకారం దానికి అడ్డే లేదు. మరునాడే తీసేశారు. ఇప్పుడు ఆ చోట గుట్ట కింద ఎదురుచూస్తున్న జనం ముఖాలు మాత్రమే కనిపిస్తాయి, సమ్మక్క రూపంగా తెచ్చే కుంకుమ భరిణె వస్తోందని డప్పు చప్పుడును బట్టి తెలుస్తుంది.

నేను మార్చుకున్నవి, మిగిలినవి

ఈ కేసు తర్వాత జంటగా వచ్చినవారిని మొదటి రోజే విడివిడిగా కూర్చోబెట్టి, ఈ కథలో నమ్మకంతో మీకున్న సొంత లావాదేవీ ఏమిటో రాయమంటున్నాను. ఎవరు భక్తి రాస్తారు, ఎవరు హాస్యం రాస్తారు అని ఇక అడగడం లేదు. వద్దనే హక్కును కూడా మార్చాను. ఎవరైనా ఒక సీను వద్దంటే, అదే అవసరం తీర్చే మరో సీనును వారే వారం లోపల రాసి తేవాలి. తేలేకపోతే పాతది ఉంటుంది. ఈ షరతు పెట్టాక అభ్యంతరాలు తగ్గాయి, వచ్చినవి బరువైనవిగా వచ్చాయి. రంగు పెన్సిళ్లు మాత్రం వదల్లేదు. ఇప్పుడు అన్నిటికంటే ముందు రెండు రంగులూ పడిన సీన్లు ఎన్ని ఉన్నాయో చూస్తాను.

స్క్రిప్టు ఇప్పుడు 116 పేజీలు. ఒక నిర్మాత నేరేషన్ విని మెచ్చుకుని, శివసత్తు పూనకాన్నే నవ్వుగా మార్చితే థియేటర్లు దద్దరిల్లుతాయని సలహా ఇచ్చారట. అక్క జవాబు వెతుక్కునేలోపే తమ్ముడు కుదరదని చెప్పి, ఎందుకు కుదరదో కూడా నెమ్మదిగా వివరించాడని అక్క నాకు ఫోనులో చెప్పారు. ఆ నిర్మాత మళ్లీ కబురు పెట్టలేదు. వారు మరొకరికి వినిపించే ప్రయత్నంలో ఉన్నారు.

వారి మధ్య ఒక్క అభిప్రాయభేదం ఇంకా మిగిలే ఉంది. గద్దెల ముందు గుప్పెడు బెల్లం పట్టుకుని నిలబడ్డ సేటు ఏమైనా అనాలా వద్దా? ‘ఇగో తల్లీ, బరువు తగ్గిన’ అనాలని అక్క రాశారు. అక్కడ మాటే వద్దని తమ్ముడు అంటున్నాడు. స్క్రిప్టులో ఆ చోట రెండు పాఠాలూ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. నటుడు దొరికాక అతనిచేత రెండు విధాలా చేయించి చూసి తేల్చుకుందామని ఇద్దరూ ఒప్పుకున్నారు.